డమ్మీ లోడ్‌కి ఏ రెసిస్టర్లు కొనాలి, ఏవి కొనకూడదు

కొత్తగా హామ్ (అమెచ్యూర్ రేడియో) లైసెన్స్ చేతికొచ్చినవాళ్ళ కొనుగోలు లిస్టు ఎప్పుడు చూసినా దాదాపు ఒకేలా ఉంటుంది. రేడియో, పవర్ సప్లై, కోయాక్స్ కేబుల్, మేడ మీద యాంటెన్నా కట్టడానికి పైపులు, తాళ్ళు. డమ్మీ లోడ్ ఆ లిస్టులో ఉండదు, ఉన్నా చిట్టచివర తర్వాత చూద్దాంలే అన్నట్టు ఉంటుంది. నన్నడిగితే యాంటెన్నా కంటే ముందు చేసుకోవాల్సింది అదే. ఖర్చు తక్కువ, ఒక ఆదివారం కూర్చుంటే అయిపోయే పని, సరిగ్గా చేస్తే ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. కానీ దాంట్లో పెట్టే రెసిస్టర్లు తప్పు రకానివైతే మాత్రం రేడియోకి ప్రమాదం, అందుకే ఇక్కడ సర్క్యూట్ గురించి తక్కువగా, రెసిస్టర్ల గురించి ఎక్కువగా చెప్తాను.

డమ్మీ లోడ్ అంటే ట్రాన్స్‌మిటర్ నుంచి వచ్చిన పవర్‌ని గాల్లోకి పోనివ్వకుండా మొత్తం వేడిగా మార్చేసే 50 ఓమ్‌ల రెసిస్టర్, అంతే. యాంటెన్నా తీసేసి దాన్ని తగిలిస్తే రేడియోకి మంచి యాంటెన్నా ఉన్నట్టే అనిపిస్తుంది, బయట మాత్రం మీ సిగ్నల్ దాదాపు ఎవరికీ వినపడదు. పొద్దున పూట 40 మీటర్ల బ్యాండులో, అంటే మనకు 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్ మధ్య, నెట్‌లు, అంటే హామ్‌లు ఒకే ఫ్రీక్వెన్సీ మీద కలిసి మాట్లాడుకునే సమావేశాలు, నడుస్తుంటాయి. ఆ టైములో మీరు పవర్ ఎంత వస్తోందో చూద్దామని యాంటెన్నా మీదే కీ నొక్కి పట్టుకుంటే ఎక్కడో ఒకరి మాట మీద మీ ఈల పడుతుంది. సొంతంగా రేడియో కట్టుకునేవాళ్ళకైతే ఇది మరీ ముఖ్యం. హైదరాబాద్ అష్హర్ ఫర్హాన్ డిజైన్ చేసిన బిట్‌ఎక్స్ లాంటి సెట్లు మన దగ్గర చాలామంది కట్టారు, కడుతున్నారు. అలాంటి సెట్ చివర్లో పై ఫ్రీక్వెన్సీలని ఆపడానికి ఉండే లో-పాస్ ఫిల్టర్ సరిగ్గా పనిచేస్తోందో లేదో తెలియకుండా యాంటెన్నాకి తగిలిస్తే, మీరు అనుకున్న ఫ్రీక్వెన్సీతో పాటు దాని రెట్టింపు దగ్గరా, మూడు రెట్ల దగ్గరా కూడా చెత్త బయటికి పోతుంది. మన తిరుపతికి దగ్గర్లోనే గాదంకిలో 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే ఎమ్‌ఎస్‌టీ రాడార్ ఉంది, 1024 యాగీ యాంటెన్నాలు పరిచి ఆకాశంలో గాలి కదలికల నుంచి వచ్చే అతి బలహీనమైన ప్రతిధ్వనులను అది వింటుంది. ఇలాంటి చెవులున్న చోట మనం ఇంకాస్త శ్రద్ధగా ఉండాలి, పరీక్షలన్నీ డమ్మీ లోడ్ మీద ముగించుకుని ఆ తర్వాతే యాంటెన్నా వైపు వెళ్ళాలి.

ఇక అసలు విషయం. రెసిస్టర్ కొనేటప్పుడు అందరూ ముందు అడిగేది ఓమ్‌లు, తర్వాత వాట్లు. డమ్మీ లోడ్‌కి ఈ వరస తిరగేయాలి. ముందు అది దేంతో తయారైందో చూడాలి, తర్వాత ఎంత వేడిని తట్టుకుంటుందో చూడాలి, ఓమ్‌ల సంగతి చివర్లో చూసుకోవచ్చు, ఎందుకంటే ఏ విలువ దొరికినా కలిపి 50 చేసుకోవడం చాలా సులువు.

షాపుకి వెళ్ళి "50 ఓమ్‌లు, 50 వాట్లు కావాలి" అని అడిగారనుకోండి. "ఇదిగో అన్నా" అని బంగారు రంగు అల్యూమినియం పెట్టెలో ఉన్న రెసిస్టర్‌ని తీసిస్తారు, రెండు పక్కలా స్క్రూ బిగించుకోవడానికి చెవులు, పక్కన ముద్ర కొట్టినట్టు 50డబ్ల్యూ అని రాసి ఉంటుంది. చూడ్డానికి మనకు కావాల్సింది అచ్చం ఇదే అనిపిస్తుంది. మల్టీమీటర్ పెడితే సరిగ్గా 50 చూపిస్తుంది కూడా. దయచేసి కొనకండి. తెల్లటి సిమెంటు ఇటుకల్లా ఉండే 5 వాట్లు, 10 వాట్ల రెసిస్టర్లదీ అదే కథ. ఈ రెండు రకాలూ మామూలుగా వైర్‌వౌండ్, అంటే లోపల పింగాణీ కడ్డీ మీద తీగను చుట్టలు చుట్టలుగా చుట్టి ఉంటారు. చుట్టిన తీగ అంటే కాయిలే కదా. డీసీకి అది మంచి రెసిస్టరే, పవర్ సప్లైని పరీక్షించడానికి నేను కూడా అవే వాడతాను. ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) దగ్గరికి వచ్చేసరికి ఆ కాయిల్ అడ్డం తిరుగుతుంది.

ఎంత అడ్డం తిరుగుతుందో లెక్క వేసి చూడండి. ఆ చుట్టల ఇండక్టెన్స్ 5 మైక్రోహెన్రీలు అనుకుందాం. 7 మెగాహెర్ట్జ్ దగ్గర దాని రియాక్టెన్స్, అంటే ఆ ఫ్రీక్వెన్సీకి కాయిల్ పెట్టే అడ్డు, సుమారు 220 ఓమ్‌లు అవుతుంది. మీరు 50 ఓమ్‌లు అనుకుని తగిలించినదానికి 220 ఓమ్‌ల కాయిల్ సిరీస్‌లో వచ్చి కూర్చుంది, ఎస్‌డబ్ల్యూఆర్, అంటే లోడ్ రేడియోకి ఎంత సరిపోయిందో చెప్పే అంకె (1 అయితే సరిగ్గా సరిపోయినట్టు), 20 దాటిపోతుంది. కంపెనీ రేడియో అయితే ప్రొటెక్షన్ సర్క్యూట్ పవర్‌ని తగ్గించేసి బతికిపోతుంది. ఐఆర్‌ఎఫ్510 ట్రాన్సిస్టర్ పెట్టి ఇంట్లో కట్టుకున్న సెట్‌లో అలాంటి రక్షణ ఏమీ ఉండదు, లోడ్ సరిగ్గా లేనప్పుడు డ్రెయిన్ దగ్గర వోల్టేజి పైకి ఎగిరి ఆ ట్రాన్సిస్టర్ పోతుంది. ఇండక్టెన్స్ రాకుండా ఎదురు చుట్టలు చుట్టిన వైర్‌వౌండ్‌లు కూడా ఉన్నాయి కానీ, డబ్బా మీద నాన్-ఇండక్టివ్ అని స్పష్టంగా రాసి డేటాషీట్ కూడా దొరికితే తప్ప వాటి జోలికి పోవద్దు, హెచ్‌ఎఫ్‌లో (3 నుంచి 30 మెగాహెర్ట్జ్) పైబ్యాండ్లకి వెళ్ళేసరికి అవి కూడా అంత నమ్మకం కాదు.

ఇదే వరసలో ఇంకొన్ని. ఇస్త్రీపెట్టె కాయిల్, గీజర్ కాయిల్, పాత సోల్డరింగ్ ఐరన్ ఎలిమెంట్, ఇవన్నీ కూడా చుట్టిన తీగలే. బల్బు పెట్టుకుంటే వెలుగు చూసి పవర్ తెలుసుకోవచ్చని పాతకాలం సలహా ఒకటుంది. 60 వాట్ల 230 వోల్టుల ఫిలమెంట్ బల్బు పూర్తిగా వెలిగినప్పుడు సుమారు 880 ఓమ్‌లు, చల్లగా ఉన్నప్పుడు అందులో పదో వంతు కూడా ఉండదు. అంటే మీరు పవర్ పెంచే కొద్దీ లోడ్ మారిపోతూ ఉంటుంది, దాని మీద కొలిచిన ఏ అంకెకీ అర్థం లేదు, పైగా గాజు బుడ్డి చుట్టూ కవచం ఉండదు కాబట్టి కొంత బయటికి కూడా పోతుంది.

మరి ఏవి పనికొస్తాయి? కార్బన్ కాంపొజిషన్ రెసిస్టర్లు అన్నిటికంటే మంచివి, లోపల చుట్ట గానీ గాడి గానీ లేని గట్టి కార్బన్ కడ్డీ అది. పాత వాల్వ్ రేడియోలు విప్పితే కనిపిస్తాయి, కానీ ఇప్పుడు కొత్తవి దొరకడం కష్టం, పాతవాటి విలువ తేమకీ వయసుకీ బాగా మారిపోయి ఉంటుంది. కార్బన్ ఫిల్మ్, మెటల్ ఫిల్మ్ రెండూ పనికొస్తాయి కానీ షాపుల్లో ఎక్కువగా పావు వాటు, అర వాటు సైజుల్లోనే ఉంటాయి, కాబట్టి చిన్న పవర్ లోడ్‌లకి బాగుంటాయి. 5 నుంచి 50 వాట్ల మధ్య డమ్మీ లోడ్ కట్టేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే, మెటల్ ఆక్సైడ్ ఫిల్మ్, 2 వాట్లు లేదా 3 వాట్లవి. టీవీ, ఎస్‌ఎమ్‌పీఎస్ బోర్డుల మీద బూడిద రంగులో లావుగా కనపడతాయి. వేడిని బాగా ఓర్చుకుంటాయి, ధర తక్కువ, దొరకడమూ సులువే. తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ టీవీ రిపేర్ చేసేవాళ్ళ దగ్గర నాలుగైదు ఉంటాయి, ఒకే విలువవి ఇరవై ముప్పై కావాలంటే మాత్రం చెన్నై రిచీ స్ట్రీట్‌కో బెంగళూరు ఎస్‌పీ రోడ్డుకో పోయేవాళ్ళకి చెప్పి తెప్పించుకోవడం మేలు, లేదంటే ఆన్‌లైన్లో ప్యాకెట్‌గా కొనుక్కోవచ్చు.

ఫిల్మ్ రెసిస్టర్లలో కూడా విలువ సరిచేయడానికి ఫిల్మ్ మీద మెలికల గాడి కోస్తారు, మరి అది కాయిల్ కాదా అని అడగొచ్చు. నిజమే, కానీ ఆ మెలికలు కొన్నే, ఇండక్టెన్స్ చాలా చిన్నది, హెచ్‌ఎఫ్ వరకు దాన్ని పట్టించుకోనక్కర్లేదు. అదీగాక 1 కిలో ఓమ్ పక్కన ఆ కొద్ది ఓమ్‌ల రియాక్టెన్స్ ఎక్కడా కనపడదు.

ఒక చిక్కు మాత్రం ఉంది. బూడిద రంగు, ఆకుపచ్చ రంగు ఒంటి మీద రంగు గీతలున్నంత మాత్రాన అది ఫిల్మే అని గ్యారంటీ లేదు. తక్కువ విలువల్లో, ముఖ్యంగా కొన్ని ఓమ్‌ల లోపు ఉండేవాటిలో, అచ్చం అలాగే కనిపించే వైర్‌వౌండ్‌లు, ఫ్యూజిబుల్ రకాలు కూడా వస్తాయి. అందుకే ప్యాకెట్ కొన్నాక ఒక్కటి బలి ఇవ్వండి. బ్లేడుతో గానీ గరుకు కాగితంతో గానీ పైపూతను మెల్లగా గీకండి. పెయింట్ పొడిగా రాలాక కింద నున్నటి ముదురు పొర, దాని మీద దారంలాంటి సన్నటి తెల్ల గాడి ఒకటి ఏటవాలుగా చుట్టూ తిరుగుతూ కనపడితే అది ఫిల్మ్, ఆ తెల్లగా కనిపించేది కింద ఉన్న పింగాణీ. అలా కాకుండా గోరు ఆనించి జరిపితే గరగరమంటూ పక్కపక్కన మెరిసే తీగ చుట్టలు తగిలితే ఆ ప్యాకెట్ మొత్తం పవర్ సప్లై పనులకి పక్కన పెట్టేయండి. ఒక్క రెసిస్టర్ పోతుంది, పోతే పోనీ, మిగతావాటి మీద అనుమానం మాత్రం పూర్తిగా తీరిపోతుంది.

విలువల సంగతికి వద్దాం. నాకు బాగా నచ్చిన కలయిక 1 కిలో ఓమ్‌వి 20 పారలల్‌గా, సరిగ్గా 50 వస్తుంది. గోధుమ, నలుపు, ఎరుపు, బంగారం గీతలు. 1.5 కిలో ఓమ్‌లైతే 30, 2.2 అయితే 44, అన్నీ 50కే వస్తాయి. 560 ఓమ్‌లవి 11 కలిపితే 50.9. 100 ఓమ్‌లవి రెండే చాలు కానీ రెండిట్లోనే వేడంతా పడుతుంది. చేతిలో 50కి దగ్గరగా ఉన్నవే ఎక్కువ ఉంటే, ఉదాహరణకి 51 ఓమ్‌లవి, నాలుగు సిరీస్‌లో కలిపి ఒక వరస చేసి అలాంటి నాలుగు వరసలు పారలల్‌గా పెడితే మొత్తం మళ్ళీ 51 అవుతుంది, పవర్ పదహారు రెట్లు పెరుగుతుంది. అయితే సిరీస్ వరసల్లో తీగ పొడవు పెరుగుతుంది, ఇండక్టెన్స్ కూడా దాంతో పెరుగుతుంది, అందుకే వీలైతే ఎక్కువ విలువలవి పారలల్‌గా పెట్టడమే మంచిది. పారలల్‌లో ఒక్కోదాని కాళ్ళ ఇండక్టెన్స్ ఇరవై భాగాలై పోతుంది.

5 శాతం టాలరెన్స్ ఉంటే చాలు. 1 శాతంవి కావాలని వెతుక్కుంటూ డబ్బు పెట్టాల్సిన పని లేదు. ఇరవై కలిపినప్పుడు కొన్ని కొంచెం ఎక్కువ, కొన్ని కొంచెం తక్కువ ఉండి చాలావరకు సర్దుకుంటాయి, ఒకవేళ మొత్తం 47 వచ్చినా, 53 వచ్చినా ఎస్‌డబ్ల్యూఆర్ 1.06 మాత్రమే. ఏ రేడియో దాన్ని గమనించదు. నాలుగైదు ఎక్కువే కొనండి, ఎలాగూ ఒకటి గీకడానికి పోతుంది, సోల్డరింగ్‌లో ఒకటి పగిలినా మళ్ళీ చెన్నై దాకా చెప్పి పంపాల్సిన పని ఉండదు.

వాట్ల దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. 3 వాట్లవి 20 పెట్టాను కాబట్టి నాది 60 వాట్ల లోడ్ అని లెక్క కట్టేస్తారు. ఆ 3 వాట్లు అనే మాట ఒక్కటే రెసిస్టర్, చుట్టూ గాలి ఆడుతూ, పక్కన వేడి చేసేది ఏదీ లేనప్పటి సంగతి. మామూలుగా డేటాషీట్‌లో 70 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రత వరకు పూర్తి వాట్లు, అక్కడి నుంచి కిందికి జారే గీత ఒకటి ఉంటుంది. 70 డిగ్రీలా, మనకు అంత ఎక్కడ అనుకోకండి. మే నెలలో తిరుపతిలో బయటే 40 దాటుతుంది, మేడ మీద స్లాబు కింద గదిలో రేడియో పెట్టుకున్నవాళ్ళకి ఇంకో నాలుగు డిగ్రీలు వేసుకోవచ్చు, అక్కడ ఒక రేకు డబ్బాలో ఇరవై రెసిస్టర్లు భుజాలు రాసుకుంటూ నిలబడితే మధ్యలో ఉన్నవాటి చుట్టూ ఉండే గాలి 70ని నిమిషంలో దాటేస్తుంది. అందుకని గాల్లో పెట్టే లోడ్‌కి, ఆగకుండా వాడదలిస్తే, రాసిన వాట్లలో సగానికే లెక్క కట్టుకోండి. 20 ఇంటూ 3 అంటే 60, సగం 30. కొన్ని సెకన్ల పాటు 60 పెట్టినా ఏమీ కాదు, రెసిస్టర్ ఒళ్ళు వేడెక్కడానికి కూడా కొంత టైము పడుతుంది.

వేడి ఎంతో ఒక్కోదానికి విడిగా చూసుకోవడం అలవాటు చేసుకోండి. 50 వాట్లు 50 ఓమ్‌లలోకి పోతే వోల్టేజి 50, కరెంటు 1 యాంపియర్. 1 కిలో ఓమ్ రెసిస్టర్ మీద 50 వోల్టులంటే ఒక్కోదానిలో 2.5 వాట్లు. 2 వాట్ల రెసిస్టర్‌కి అది మించిపోయింది, 3 వాట్లదానికి అంచు మీద ఉంది. 100 వాట్లయితే 70.7 వోల్టులు, ఒక్కోదానికి 5 వాట్లు, ఇరవైతో ఇక కుదరదు. 100 వాట్ల కంపెనీ రేడియో ఉన్నవాళ్ళు 2.2 కిలో ఓమ్‌వి 3 వాట్లవి 44 పెట్టుకుంటే పేరుకి 132 వాట్లు, ఒక్కోదానిలో సుమారు 2.3 వాట్లు పడతాయి, అరనిమిషం పరీక్షలకి సరిపోతుంది, ఆ తర్వాత చల్లారనివ్వాలి.

మీరు ఏ మోడ్‌లో వాడతారన్నది కూడా చూసుకోవాలి. ఎస్‌ఎస్‌బీలో (హెచ్‌ఎఫ్‌లో మాట పంపే పద్ధతి) మామూలుగా మాట్లాడితే సగటు పవర్ పీక్ కంటే చాలా తక్కువ, అందులో నాలుగో వంతు అనుకోండి. సీడబ్ల్యూలో, అంటే మోర్స్‌లో, సగానికి దగ్గర. ఎఫ్ఎమ్‌లో కీ నొక్కినంతసేపూ నూరు శాతం. కంప్యూటర్‌తో నడిచే ఎఫ్‌టీ8లో కూడా పంపే టైములో పూర్తి పవరే, ప్రతి పంపకం దాదాపు 12.6 సెకన్లు. అందుకే ఎస్‌ఎస్‌బీ మీద ఎంతసేపైనా చల్లగా ఉన్న లోడ్ ఎఫ్ఎమ్ పెట్టగానే కాలిన పెయింట్ వాసన కొడుతుంది.

ఇంకో చిన్న విషయం, మినీ రకాలు అని వస్తున్నాయి, 3 వాట్లని రాసి ఉంటుంది, ఒళ్ళు మాత్రం 1 వాట్‌దానంత ఉంటుంది. అవి అబద్ధం కాదు, కానీ అదే వేడిని చిన్న ఒంట్లోంచి వదలాలి కాబట్టి కాళ్ళు ఎక్కువ కాలుతాయి. మామూలు 60/40 సోల్డర్ 183 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది, రెసిస్టర్ బతికే ఉన్నా సోల్డర్ కరిగి కాలు ఊడొస్తుంది. రెండు దొరికితే లావుపాటివే తీసుకోండి.

నూనెలో ముంచడం. హీత్‌కిట్ వాళ్ళ క్యాంటెన్నా గురించి పాత హామ్‌లు చెప్తారు, ఒక గ్యాలన్ డబ్బాలో ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ పోసి అందులో రెసిస్టర్ ముంచి 1 కిలోవాట్ దాకా కొంతసేపు నిలబెట్టేవాళ్ళు. మన 20 రెసిస్టర్లకీ అదే పద్ధతి చెల్లుతుంది. లీటరు నూనెని 1 డిగ్రీ పెంచడానికి సుమారు 1.6 కిలోజౌళ్ళు కావాలి. 100 వాట్లు 5 నిమిషాలు ఆపకుండా పెడితే 30 కిలోజౌళ్ళు, అంటే లీటరు నూనె సుమారు 19 డిగ్రీలు పెరుగుతుంది. అంత సేపు గాల్లో పెట్టి ఉంటే అవే రెసిస్టర్లు మాడిపోయేవి. మూత బిగుతుగా ఉన్న రేకు డబ్బా, లీటరు నెయ్యి డబ్బా లాంటిది, సరిపోతుంది, మూతలో చిన్న చిల్లు పెట్టండి, వేడికి నూనె, లోపలి గాలి ఉబ్బుతాయి, దారి లేకపోతే ఎక్కడో ఒకచోట కారుతుంది.

ఏ నూనె అన్నది జాగ్రత్తగా చూసుకోండి. మన జిల్లాల్లో ఊరూరా బోరు మోటార్లు వైండింగ్ చేసే షాపులున్నాయి, కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ ఎక్కడ అమ్ముతారో వాళ్ళకి తెలిసే ఉంటుంది. మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ కూడా మినరల్ ఆయిలే, బాగా పనిచేస్తుంది. పాత ట్రాన్స్‌ఫార్మర్లలోంచి తీసిన నూనె మాత్రం ఎవరు ఊరికే ఇచ్చినా ముట్టుకోవద్దు, వెనకటి కాలపు నూనెల్లో పీసీబీలనే విష రసాయనాలు ఉండే అవకాశం ఉంది, చర్మానికి తగిలినా మంచిది కాదు. శెనక్కాయ నూనె ఇంట్లోనే ఉంటుంది కదా అంటారు. పనిచేస్తుంది, కానీ కొన్నాళ్ళకి కంపు కొట్టి జిగురుగా తయారవుతుంది, దాన్ని కడిగే బాధ పడటం కంటే మొదటే మంచి నూనె పోసుకోవడం నయం.

తయారుగా దొరికే 50 ఓమ్‌ల ఫ్లాంజ్ రెసిస్టర్ల సంగతీ చెప్పాలి. 100 వాట్లు, 250 వాట్లు అని ఆన్‌లైన్లో చవగ్గా కనిపిస్తాయి, అగ్గిపెట్టె కంటే చిన్నవి, రెండు పక్కలా స్క్రూ రంధ్రాలు, ఒక రేకు కాలు. ఇవి ఆర్‌ఎఫ్ కోసమే చేసినవి, హెచ్‌ఎఫ్ కంటే పైనుండే వీహెచ్‌ఎఫ్, యూహెచ్‌ఎఫ్‌లో కూడా బాగుంటాయి. టీఓ-220 ఆకారంలో వచ్చే థిక్ ఫిల్మ్ పవర్ రెసిస్టర్లు కూడా హెచ్‌ఎఫ్‌కి చక్కగా పనికొస్తాయి. కానీ వాటి మీద రాసిన వాట్లు హీట్‌సింక్‌వి, రెసిస్టర్‌వి కావు. సింక్ లేకుండా టీఓ-220 రకం రెండు వాట్లకే అల్లాడిపోతుంది. వాటుకి 1 డిగ్రీ చొప్పున పెరిగే సింక్ మీద 50 వాట్లు పెడితే 50 డిగ్రీలు, దానికి మన 40 కలిపితే సింకే 90 దగ్గర ఉంటుంది, రెసిస్టర్ లోపల ఇంకా ఎక్కువ. హీట్‌సింక్ పేస్టు పలచగా రాసి, అడుగు పూర్తిగా సమంగా ఆనేలా బిగించాలి. పాత కంప్యూటర్ సీపీయూ సింక్, ఫ్యాన్‌తో సహా, దీనికి చాలా బాగుంటుంది.

ఒక్క హెచ్చరిక, ఇది తేలిగ్గా తీసుకోవద్దు. కొన్ని ఫ్లాంజ్ రెసిస్టర్లలో తెల్లటి పింగాణీ బెరీలియం ఆక్సైడ్‌ది ఉంటుంది. మామూలుగా వాడుకుంటే ఏమీ కాదు, పగలగొట్టినా, ఆకురాయి పెట్టి రాసినా, డ్రిల్ చేసినా వచ్చే పొడి ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం. ఏ రకమో తెలియకపోతే బెరీలియం ఉందనే అనుకోండి, పగిలింది చేతితో ముట్టకుండా, పిల్లలకి అందకుండా కవర్లో సీలు చేసి, ప్రమాదకరమైన ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేవాళ్ళకి ఇచ్చేయండి.

కట్టడం గురించి కొంచెం. రెండు కాపర్ క్లాడ్ (సర్క్యూట్ బోర్డులు చేసే రాగి పూత పలక) ముక్కలు తీసుకుని రెండిట్లోనూ ఒకేలా 4 ఇంటూ 5 వరసల్లో రంధ్రాలు వేసి, రెసిస్టర్లని స్తంభాల్లా మధ్యలో నిలబెట్టండి. రెసిస్టర్‌కి రెసిస్టర్‌కి మధ్య ఒంటి లావంత ఖాళీ వదిలితే గాలి గానీ నూనె గానీ ఆడుతుంది. ముందు నాలుగు మూలలవి సోల్డర్ చేసి పలకలు సమంగా ఉన్నాయో లేదో చూసుకుని తర్వాత మధ్యవి చేయండి, లేకపోతే చివరికి ఒక పక్క వంగిపోయి మిగతావి దూరవు. సన్నటి పాతిక వాట్ల ఐరన్‌తో ఇంత రాగి వేడెక్కదు, కాస్త పెద్ద ఐరన్ కావాలి. అన్నిటికంటే ముఖ్యమైనది కనెక్టర్ నుంచి పలక దాకా వచ్చే తీగ. రెసిస్టర్ల కాళ్ళ ఇండక్టెన్స్ ఇరవై భాగాలైపోతుంది కానీ ఈ ఒక్క తీగ మీదే కరెంటు మొత్తం పోతుంది. సెంటీమీటరుకి సుమారు 10 నానోహెన్రీలు చొప్పున 5 సెంటీమీటర్ల తీగంటే 50 నానోహెన్రీలు, 7 మెగాహెర్ట్జ్ దగ్గర అది 2 ఓమ్‌లే, 28 దగ్గర దాదాపు 9, రెండు మీటర్ల బ్యాండు, అంటే 145 మెగాహెర్ట్జ్ దగ్గర 45 ఓమ్‌లు అయి ఎస్‌డబ్ల్యూఆర్ 2.4కి పోతుంది. అందుకే ఎస్‌ఓ-239 సాకెట్‌ని (కోయాక్స్ తగిలించే కనెక్టర్) నేరుగా పలకకే బిగించి మధ్య పిన్నుని వీలైనంత దగ్గరగా కలపండి.

అయ్యాక ముందు మల్టీమీటర్‌తో కొలవండి, మీటర్ వైర్ల అర ఓమ్ తీసేయడం మర్చిపోవద్దు. తర్వాత 13.8 వోల్టుల పవర్ సప్లై తగిలించి చూడండి, 0.28 యాంపియర్ దగ్గర కరెంటు, సుమారు 3.8 వాట్లు. ఐదు నిమిషాలు ఉంచి కరెంటు నిలకడగా ఉందా, ఒక్కటి మాత్రమే మిగతావాటికంటే ఎక్కువ వేడెక్కుతోందా అని సప్లై తీసి వేలితో తాకి చూడండి. చల్లగా ఉండిపోయిన రెసిస్టర్ ఉంటే దాని సోల్డర్ పట్టలేదన్నమాట. నానోవీఎన్‌ఏ (ఫ్రీక్వెన్సీని బట్టి ఎస్‌డబ్ల్యూఆర్ గీసి చూపించే చిన్న పరికరం) మీ దగ్గర గానీ స్నేహితుల దగ్గర గానీ ఉంటే 1 నుంచి 150 మెగాహెర్ట్జ్ దాకా ఒకసారి గీత గీయించి చూడండి, ఎక్కడి వరకు ఎస్‌డబ్ల్యూఆర్ 1.2 లోపు ఉందో అక్కడి వరకే మీ లోడ్ పనికొస్తుందని లెక్క. ఇరవై రెసిస్టర్ల లోడ్ 30 దాకా బాగుండి 145 దగ్గర తేడాగా ఉండటం మామూలే, ఒక్కోదానికి అర పికోఫారడ్ ఉన్నా అన్నీ కలిసి 10 అవుతుంది, అది హెచ్‌ఎఫ్‌లో కనపడదు, అక్కడ కనపడుతుంది.

దీనికే ఒక 1ఎన్4148 డయోడ్, 10 నానోఫారడ్ల 100 వోల్టుల కెపాసిటర్ కలుపుకుంటే పవర్ మీటర్ కూడా అయిపోతుంది. డయోడ్ ఆనోడ్ సాకెట్ మధ్య పిన్ను కలిసిన పలకకి, క్యాథోడ్ దగ్గరి నుంచి కెపాసిటర్ గ్రౌండ్‌కి, కెపాసిటర్ మీద మల్టీమీటర్ డీసీ రేంజ్. వచ్చిన వోల్టులకి 0.7 కలిపి, దాన్ని దాంతోనే గుణించి, 100తో భాగిస్తే వాట్లు. 21.7 చూపిస్తే 22.4 అవుతుంది, అంటే 5 వాట్లు. ఆ డయోడ్ 75 వోల్టుల రివర్స్ వోల్టేజి దాకే ఓరుస్తుంది, పీక్‌కి రెట్టింపు దాని మీద పడుతుంది, కాబట్టి 10 వాట్లు దాటించవద్దు.

చేతిలో పట్టుకునే 5 వాట్ల వీహెచ్‌ఎఫ్ సెట్టు ఒక్కటే ఉన్నవాళ్ళకి ఈ ఇరవై స్తంభాల గొడవ అక్కర్లేదు. 2512 సైజు ఎస్‌ఎమ్‌డీ రెసిస్టర్లు, 1 వాట్‌వి 510 ఓమ్‌లు, 10 తీసుకుని బీఎన్‌సీ గానీ ఎస్‌ఎమ్‌ఏ గానీ కనెక్టర్ చుట్టూ వెడల్పాటి రాగి మీద దగ్గరదగ్గరగా అంటించండి. కాళ్ళే లేవు కాబట్టి ఇండక్టెన్స్ బాధ చాలావరకు ఉండదు, మొత్తం 51 ఓమ్‌లు, పేరుకి 10 వాట్లు, 5 వాట్ల ఎఫ్ఎమ్‌ని నింపాదిగా మోస్తుంది.

ఏది కట్టినా పెట్టె మీద మార్కర్‌తో మూడు విషయాలు రాసి పెట్టండి, ఎన్ని వాట్లు ఎంతసేపు, ఏ ఫ్రీక్వెన్సీ దాకా, లోపల ఏ రెసిస్టర్లు ఎన్ని ఉన్నాయి. క్లబ్బులో ఇంకొకరు అడిగి తీసుకుపోతే వాళ్ళు తమ 100 వాట్ల సెట్టు తగిలించే ముందు చూసుకుంటారు.